స్తిమితం

ఉత్తరం నుంచి చలిగాలి విరుచుకుపడ్డ రోజున హైమవతి కాఫీ కప్పు తీసుకెళ్ళి, ఇంకా కట్టడం పూర్తికాని టవర్ పైఅంతస్తులో నేల మీద పెట్టింది. టెక్సస్‌లో ఆ గాలి చెప్పాపెట్టకుండా వస్తుంది. పొద్దున చొక్కాలతో తిరిగినవాళ్ళు మధ్యాహ్నానికి కోట్లు వెతుక్కుంటారు. కింద ఆస్టిన్ ఊరంతా క్రేన్లు పని ఆపేసి గాలివాటుకు తిరిగి నిలబడ్డాయి.

“ఇప్పుడు చూడండి,” అంది హైమ.

బిల్డర్ రెన్నర్ భారీ మనిషి. హెల్మెట్ సర్దుకుని కప్పు పక్కనే ఎగిరి దూకాడు. కాఫీ మీద చిన్న వలయం కూడా లేవలేదు. ఇంకాస్త గట్టిగా మళ్ళీ దూకాడు. అద్దాలు బిగించని చోట ప్లాస్టిక్ పట్టాలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. కప్పులో కాఫీ మాత్రం గడ్డకట్టినట్టుగా ఉంది.

“నేనసలు ఇక్కడ లేనట్టే ఉందే!” అని పెద్దగా నవ్వాడు రెన్నర్.

ఆ ఊళ్ళో స్థలం కరువైపోయింది. ఉన్న కాస్త జాగాలో సన్నగా, పొడుగ్గా కట్టాలి. సన్నగా కట్టింది ఊగుతుంది. కూలిపోదు, కానీ గాలి రోజుల్లో పైఅంతస్తుల వాళ్ళకు కడుపులో తిప్పుతుంది. అందుకని కొందరు టవర్ల నెత్తిన టన్నులకొద్దీ ఇనుమో నీళ్ళో పెట్టి ఆ ఊపును తగ్గించేవారు. హైమ అలా చేయలేదు. ప్రతి అంతస్తు కాంక్రీటులోనూ పలుచని పలకలు పరిపించింది. వణుకు ఎక్కడ పుడితే అక్కడే అవి పసిగట్టి, అంతే బలంతో ఎదురు వణుకు పుట్టిస్తాయి. రెండూ కలిసి ఏమీ మిగలదు. అది గాలి వణుకా, లారీ వణుకా, మనిషి అడుగా అన్న తేడా ఆ పలకలకు లేదు. కంపెనీ దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టింది. హైమ మాత్రం మనసులో ‘స్తిమితం’ అనుకునేది. పదేళ్ళ కష్టం అది.

ఆమె కింద పనిచేసే ఇంజనీరు పట్టాభి కప్పు తీసి చేతికిచ్చాడు. నరసరావుపేట వాడు. ఆమెకంటే పన్నెండేళ్ళు చిన్న.

“అక్కా, ఇంక మనకి తిరుగులేదు,” అన్నాడు. అతని కళ్ళు చెమర్చాయి. గాలి వల్లే అనుకుంది హైమ.

*

హైమ భర్త ముకుంద్‌కు నాలుగో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది. కాకినాడలో ఆమె ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ వీధి చివర బల్లలూ కుర్చీలూ చేసే షెడ్డు అతనిది. అతనితో మాట్లాడటానికే ఆమె సైగలు నేర్చుకుంది. ఆస్టిన్ వచ్చాక అతను చెవిటి పిల్లల బడిలో వడ్రంగం నేర్పుతున్నాడు. ఊరికి తూర్పువైపు ఒక పాత చెక్క ఇంట్లో అద్దెకుండేవారు.

ఆ ఇంట్లో నేలంతా చెక్కే. హైమ వీధి మెట్టు ఎక్కుతుండగానే వంటింట్లో ముకుంద్ తల తిప్పేవాడు. ఆమె విసుగ్గా వస్తోందో హుషారుగా వస్తోందో అతని పాదాలకు తెలిసిపోయేది. అతన్ని పిలవాలంటే ఆమె మడమతో నేల మీద తట్టేది. పక్కింటి కుక్క కంచె దూకినా, చివరి గదిలో వాషింగ్ మెషిన్ ఆగినా అతను చెప్పేసేవాడు.

ఆ ఇంటి యజమాని స్థలాన్ని అమ్మేశాడు. అక్కడా టవరే వస్తుందట. అదే సమయానికి రెన్నర్ అప్పుడే పూర్తయిన తన టవర్‌లో హైమకు ఒక ఫ్లాట్ ఇచ్చాడు. కనిపెట్టిన మనిషే అందులో కాపురముంటే కొనేవాళ్ళకు నమ్మకమని అతని లెక్క. ల్యాబు కూడా ఆ భవనంలోనే, కింది అంతస్తుల్లో పెట్టాడు.

చేరిన మొదటి వారం ముకుంద్ గాజు గోడ దగ్గరే నిలబడి ఊరిని చూశాడు. నది, వంతెనలు, వాటి వెనక పడమటి కొండలు, ఎటు చూసినా సగం లేచిన టవర్లు. “ఆ క్రేన్లన్నీ కొంగల్లా ఉన్నాయి,” అన్నాడు చేతులతో. హైమకు సంతోషమేసింది.

తర్వాత ఒక సాయంత్రం అతను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాడు. హైమ ఆఫీసు నుంచి వచ్చి వెనక నుంచి భుజం మీద చేయి వేసింది. ముకుంద్ కెవ్వుమని అరిచి ఎగిరిపడ్డాడు. కత్తి వేలిలో దిగింది. తన భర్త గొంతులోంచి అంత పెద్ద కేక రావడం ఆమె అంతకుముందు వినలేదు.

కట్టు కట్టించుకున్నాక అతను ఆ చేత్తోనే మెల్లగా అన్నాడు. “ఈ ఇంట్లో నువ్వు లేవు.”

“అదేం మాట? ఇక్కడే ఉన్నాగా, నీ ఎదురుగా.”

“ఎదురుగా ఉన్నప్పుడు ఉన్నావు. పక్కకి తిరిగితే లేవు.”

హైమ ఊరుకోలేదు. గుమ్మాల దగ్గర రంగు దీపాలు పెట్టించింది. తను గదిలోకి రాగానే నీలం దీపం వెలిగేది. ముకుంద్ వాటినీ కొన్నాళ్ళు చూశాడు.

“దీపం వెలిగితే ఎవరో వచ్చారని తెలుస్తోంది. నువ్వొచ్చినట్టు తెలీట్లేదు,” అన్నాడు.

అతను కుర్చీని గోడకు ఆనించి, గుమ్మం వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. భోంచేస్తూ కూడా గుమ్మం వంకే చూసేవాడు. సెలవు రోజుల్లో కిందికి దిగి, బస్టాపు స్తంభానికి వీపు ఆనించి గంటలకొద్దీ కూర్చునేవాడు. ఒకరోజు బతిమాలుతున్నట్టుగా అడిగాడు. “మన ఒక్క ఇంటి కింద పలకలు ఆపేయలేవా?”

“అన్ని అంతస్తులూ ఒకదానితో ఒకటి కలిపి ఉన్నాయి ముకుంద్. ఒకటి ఆపితే మిగతా వాటి మీద భారం పడుద్ది. పైన ఇంకా జనం ఉన్నారు.”

“సరేలే,” అన్నాడు. అతను అలా వెంటనే సరేలే అన్నందుకే ఆమెకు బాధేసింది.

వేసవి సెలవులకు ముందు అతను ఒక పెట్టె సర్దుకున్నాడు. బడిలో తోటి టీచరు ఇంటి వెనక రైలు పట్టాల పక్కన ఒక గది ఖాళీగా ఉందన్నాడు.

“కోపంతో పోవట్లేదు. నిన్న అక్కడ పడుకుని చూశా. గూడ్సు బండి పోతుంటే మంచం కదిలింది. చాన్నాళ్ళకి హాయిగా నిద్రపట్టింది.” పెట్టె మూసి ఆమె వైపు తిరిగాడు. “నువ్వూ వచ్చెయ్.”

“ఇంకో ఏడాది ఆగు. తొమ్మిది టవర్లు మొదలవుతున్నాయి. అవి లేవగానే వచ్చేస్తా.”

ముకుంద్ తలూపి లిఫ్టు ఎక్కాడు. తలుపు మూసుకుంది. ఆమె నేల మీద మడమతో తట్టింది. ఎంత గట్టిగా తట్టినా పాదాల కింద ఏమీ పలకలేదు.

*

ఒంటరిగా ఉన్న మొదటి నెలల్లో హైమ పనిలో పడిపోయింది. పొద్దున లిఫ్టులో ల్యాబుకు దిగేది, సాయంత్రం లిఫ్టులో ఇంటికి ఎక్కేది. కూరలు, పాలు గుమ్మంలోకే వచ్చేవి. వీధిలోకి వెళ్ళాల్సిన పనే పడేది కాదు. ఇంట్లో మాత్రం చెప్పలేనంత వెలితి. పైన ఎవరైనా నడుస్తున్నారేమోనని తల ఎత్తి చూసేది. అడుగు చప్పుడు లేదు, కుర్చీ జరిపిన చప్పుడు లేదు. ఆ భవనంలో వందల మంది ఉన్నారని ఆమెకు తెలుసు. గోడకు చెవి ఆనించినా వాళ్ళెవరూ ఉన్నట్టుండేది కాదు.

ముకుంద్‌తో రోజూ ఫోన్ తెర మీద సైగలతో మాట్లాడేది. చూడటానికి వెళ్ళడం మాత్రం రేపు, ఎల్లుండి అని వాయిదా పడుతూ వచ్చింది.

ఎదురింట్లో మిసెస్ ఆడెల్ అనే పెద్దావిడ ఉండేది. డెబ్బై దాటింది. ఇల్లూ పెరడూ అమ్మేసి ఈ ఫ్లాటు కొనుక్కుంది. మొదట్లో రోజూ నది ఒడ్డున నడిచి వచ్చేది. ఈమధ్య కనబడటం లేదని హైమ తలుపు తట్టింది.

“కిందికెందుకు హనీ?” అంది ఆడెల్, టీ పోస్తూ. “కింద అంతా ఊగుతోంది. ఫుట్‌పాత్ మీద కాలు పెట్టాను, పడవలో దిగినట్టుంది. పడబోయాను. ఇక్కడైతే ఏ గొడవా లేదు.”

“డాక్టరు గారికి చూపించారా?”

“డాక్టరు కూడా తెర మీదే చూస్తాడుగా. వయసంటాడు.” ఆమె నవ్వి, కిటికీ వైపు చూసింది. “మా అమ్మాయి పెళ్ళికి రమ్మంది. రాలేనన్నాను. అలిగింది.”

ఆ ఆదివారం హైమ ముకుంద్ దగ్గరకు బయలుదేరింది. లాబీ దాటి వీధిలోకి రాగానే బస్సు ఒకటి పక్కనుంచి వెళ్ళింది. నేల కాళ్ళ కింద నుంచి జారిపోయినట్టయింది. దీపస్తంభం పట్టుకుంది. అదీ వణుకుతోంది. ఎలాగో నది వంతెన సగం దాకా నడిచింది. కార్లు పోతున్న కొద్దీ వంతెన కదిలేది. అందరూ మామూలుగా నడిచిపోతున్నారు, ఒకావిడ పరిగెడుతోంది కూడా. హైమ వంతెన అంచు కమ్మీ పట్టుకుని నదిలోకి వాంతి చేసుకుంది. ముందుకు పోలేక వెనక్కి తిరిగింది. లిఫ్టు ఎక్కి తన అంతస్తులో కాలు పెట్టగానే కడుపులో తిప్పడం ఆగిపోయింది. ఆ హాయి చూసే ఆమెకు భయమేసింది.

*

“అక్కా, ఇది మనకెందుకు?” అన్నాడు పట్టాభి. అయినా చేశాడు.

ఆ భవనంలో ఉండేవాళ్ళలో ఒప్పుకున్నవాళ్ళను ల్యాబుకు పిలిచారు. మామూలు వీధి ఎంత కదులుతుందో అంతే కదిలే ఒక చెక్క మీద నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. కొత్తగా చేరినవాళ్ళు నిలబడ్డారు. ఏడాదిగా ఉంటూ, బయటికి పెద్దగా వెళ్ళనివాళ్ళు నిలబడలేకపోయారు. ఒక నలభై ఏళ్ళ మనిషి, బలంగా ఉన్నవాడు, కళ్ళు మూసిన మరుక్షణం పట్టాభి చేతుల్లో పడ్డాడు. లేచి సిగ్గుపడుతూ “పొద్దున్నుంచి ఏమీ తినలేదు,” అని సర్దిచెప్పుకున్నాడు.

హైమకు అర్థమైంది. మనిషి నిలబడటమంటే కదలకుండా ఉండటం కాదు. నేల ప్రతి క్షణం కొంచెం కదులుతుంది, ఒళ్ళు దానికి తగ్గట్టు కొంచెం సర్దుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని కాబట్టి మనకు తెలియదు. ఏ కదలికా లేని చోట ఒళ్ళు ఆ పని మానేస్తుంది. మానేశాక చిన్న వణుకు కూడా దానికి భూకంపమే.

రెన్నర్ అంతా విన్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు. చాలాసేపు ఆలోచించాడు కూడా.

“అంటే వాళ్ళకి ఇక్కడే హాయిగా ఉందన్నమాట. ఇళ్ళు కట్టేవాడికి అంతకంటే ఏం కావాలి?”

“వాళ్ళు బయటికి వెళ్ళలేకపోతున్నారు.”

“వెళ్ళడం లేదు. రెండిటికీ తేడా ఉంది హైమా. తొమ్మిది పునాదులు తవ్వాం. నువ్వు మెల్లగా పరిశోధన చెయ్, నేను వద్దనను. బయట మాత్రం మాట్లాడకు.”

గదిలోంచి బయటికొచ్చాక ఆమె పట్టాభిని అడిగింది. “కొత్త టవర్ల మీద నగరసభ జనం మాట వినబోతోంది. నేను వెళ్తున్నా. నువ్వొచ్చి మన పరీక్షల గురించి చెప్తావా?”

పట్టాభి తల దించుకున్నాడు. “నన్నడక్కండక్కా. ఉద్యోగం పోతే వీసా పోద్ది. మా ఆవిడకి ఏడో నెల.”

“సరే. నిన్నడగకూడదులే.”

“మీ వెనకాల లేనని కాదక్కా...”

“తెలుసురా,” అని అతని భుజం తట్టింది.

*

సభకు ఆమె కారులో, కళ్ళు గట్టిగా మూసుకుని వెళ్ళింది. హాలు కిక్కిరిసి ఉంది. టవర్లు కావాలనేవాళ్ళు, వద్దనేవాళ్ళు, అద్దెలు పెరిగాయనేవాళ్ళు, పనులొస్తాయనేవాళ్ళు. మూడో వరసలో ముకుంద్ కూర్చుని ఉన్నాడు. మాటల్ని సైగల్లో చెప్పే అమ్మాయి వేదిక పక్కన నిలబడింది.

హైమ మైకు ముందుకొచ్చి తన పేరు చెప్పింది. ఆ నేలను కనిపెట్టింది తనేనని చెప్పింది. తర్వాత చెప్పాలనుకున్న మాటలన్నీ పొడుగ్గా, బలహీనంగా తోచాయి. మైకున్న బల్ల మీద నుంచి చేతులు తీసేసింది.

“ఏడాదిన్నరగా అక్కడే ఉంటున్నాను. నా చెవులూ కాళ్ళూ బాగానే ఉన్నాయని డాక్టర్లు చెప్పారు. ఇప్పుడు మీ అందరి ముందూ కళ్ళు మూసుకుని నిలబడతాను. మీలో ఎవరైనా చేయగల పనే ఇది.”

కళ్ళు మూసుకుంది. బయట లారీ ఏదో వెళ్ళింది. ఆమెకు హాలంతా పక్కకు ఒరిగినట్టయింది. చేతులు చాచింది కానీ ఎటు చాచాలో తెలియలేదు. నిలువునా పక్కకు పడిపోయింది. బల్ల అంచు కణతకు తగిలింది.

కళ్ళు తెరిచేసరికి ముకుంద్ ఒళ్ళో ఆమె తల ఉంది. అతని చొక్కాకు రక్తం అంటింది. అతను ఒక చేత్తో ఆమె తల పట్టుకుని, రెండో చేత్తో అన్నాడు. “మా గదికి పోదాం పద. ఇప్పుడే.”

ఆమె పడుకునే చేతులెత్తింది. “అక్కడ వందల మంది ఉన్నారు ముకుంద్. ఒక్కసారి ఆపేస్తే అందరూ నాలాగే పడిపోతారు. నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎంత తగ్గిస్తే తట్టుకోగలరో నాలాంటి ఒంటి మీదే చూడాలి. నేను పైనే ఉండాలి.”

ముకుంద్ జేబురుమాలు మడిచి ఆమె కణతకు అదిమి పెట్టాడు.

*

సభ కొత్త టవర్లలో ఆ పలకలు వద్దంది. పాతదాంట్లో మెల్లగా తగ్గించమంది. రెన్నర్ ఆమెతో మాట్లాడటం మానేశాడు, కానీ ఆ పని తెలిసినవాళ్ళు వేరే లేరు గనక ఉండనిచ్చాడు.

ఆ చలికాలమంతా హైమ పలకల బలాన్ని వారానికింత తగ్గిస్తూ పోయింది. తగ్గించిన ప్రతిసారీ ముందు తన ఇంటి నేల మీద నిలబడి చూసుకునేది. వాంతులయ్యేవి. గోడ పట్టుకుని నడిచేది. భవనంలో చాలామంది ఆమెను చూసి మొహం తిప్పుకునేవారు. లిఫ్టులో ఒకాయన “మా ఇంటి ధర సగమైంది, సంతోషమేనా?” అన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె సోఫాలో పడుకుని ఉంటే వీపు కింద ఏదో అతి సన్నగా తెలిసింది. మళ్ళీ తెలిసింది. పైన ఎవరో ఇటు నుంచి అటు నడుస్తున్నారు. బరువైన మనిషి, తొందరలేని నడక. ఇన్నాళ్ళుగా తన నెత్తిన ఒక మనిషి అలా తిరుగుతూనే ఉన్నాడన్నమాట. ఆ అడుగులు ఆగిపోయేదాకా ఆమె కదలకుండా పడుకుంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది.

ఆడెల్‌కు మాత్రం అది పడలేదు. తలుపు తీసి, ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

“నా ఇంటిని నువ్వు కదిలిస్తున్నావు,” అంది.

“కొంచెం ఓర్చుకోండి. రోజూ కాస్త కాస్త అలవాటు చేద్దాం. నేను మీ పక్కనే ఉంటాను. తర్వాత మీరు మీ అమ్మాయి దగ్గరకు వెళ్ళొచ్చు.”

“నాకు అలవాటు చేసుకునే వయసు లేదు. నాకు నిలకడ ఇచ్చిందీ నువ్వే, లాక్కుంటోందీ నువ్వే. ఎవరడిగారు నిన్ను?”

వేరే రాష్ట్రంలో, ఈ ఊరికంటే వేగంగా పెరుగుతున్న ఒక ఊళ్ళో, రెన్నర్ అవే పలకలతో ఎప్పుడో మొదలుపెట్టిన టవర్ ఆ చలికాలంలోనే పూర్తయింది. అక్కడ ఎవరూ వద్దనలేదు. ఆడెల్ అందులో ఫ్లాటు తీసుకుంది. ఆమెను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, నిద్రమందు ఇచ్చి, అంబులెన్సులో తీసుకెళ్ళారు. హైమ లిఫ్టు దాకా వెళ్ళి ఆ ముసలి చేయి పట్టుకుంది. మత్తులో ఉన్నా ఆడెల్ చేయి వెనక్కి తీసుకుంది.

ఆ కొత్త టవర్ బాధ్యత పట్టాభికి ఇచ్చారు. ఒకరోజు ఫోన్ చేశాడు.

“అక్కా, పాప పుట్టింది. మూడు కిలోలు. అంతా బాగుంది.”

“చల్లగా ఉండాలి నాన్నా. ఎవరి పోలిక?”

“మా అమ్మ పోలికంటున్నారు.” “కంపెనీ నాక్కూడా అందులో ఫ్లాటు ఇస్తానంటోందక్కా. ఏం చేయమంటారు?”

అతను చేస్తున్న పని గురించి ఆమెకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అతనికీ తెలుసు. అందుకే ఒక్కటే చెప్పింది.

“పాప నడక నేర్చుకునేదాకా నేల మీద ఉండు పట్టాభీ.”

“అలాగే అక్కా,” అన్నాడు. ఫోన్ పెట్టేశాక హైమ కిటికీ దగ్గర కూర్చుంది. పడమటి కొండలు ఇప్పుడు కనబడటం లేదు. వాటికి అడ్డంగా మరో రెండు టవర్లు లేచాయి. మామూలు టవర్లు, గాలికి ఊగేవి.

*

వసంతం వచ్చాక పలకలు పూర్తిగా ఆగిపోయాయి. గాలి వీచిన రోజున పైఅంతస్తులు మూలిగేవి. సగం మంది ఇళ్ళు ఖాళీ చేశారు. రెన్నర్ మనిషి వచ్చి హైమ దగ్గర తాళాలు తీసుకున్నాడు. ఆమెకు ఇక అక్కడ పనిలేదు. ఏ కంపెనీ ఆమెను పిలవలేదు కూడా.

ఒక్కతే లాబీ దాటింది. చేతిలో చిన్న సంచి, రెండో చేతిలో కర్ర. ఫుట్‌పాత్ ఇంకా ఊగుతూనే ఉంది, కానీ నిరుడంత కాదు. నాలుగు అడుగులకోసారి ఆగింది. బస్సులో కూర్చుని, ముందు సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, ఊరికి తూర్పు వైపున దిగింది.

టీచరు ఇంటి వెనక ఆ గది చిన్నది, రేకు కప్పు. తాళం వేసి ఉంది. ముకుంద్ బడి నుంచి ఇంకా రాలేదు. వస్తున్నానని ఆమె చెప్పలేదు. చెప్పి, దారిలో మళ్ళీ వెనక్కి తిరగాల్సి వస్తే అతను ఎదురుచూస్తాడని భయపడింది. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుంది. పక్కన రంపపు పొట్టు, సగం చెక్కిన చిన్న పీట.

పట్టాల మీద గూడ్సు బండి రావడం ముందు మెట్టులో తెలిసింది. తర్వాత ఎముకల్లో తెలిసింది. తలుపు, రేకు, పీట, అన్నీ అదిరాయి. భూమి తలకిందులవుతోందని ఒళ్ళంతా కేకపెట్టింది. లేచి పారిపోవాలనిపించింది, కానీ పారిపోయేందుకు కదలని చోటంటూ ఎక్కడా లేదు. మెట్టు అంచును రెండు చేతులా పట్టుకుని, కళ్ళు తెరిచే ఉంచి, ఒక్కొక్క పెట్టెనూ చూస్తూ కూర్చుంది. చాలా పొడుగు బండి. చివరి పెట్టె కూడా దాటిపోయాక ఆమె చేతులు వదిలి, కొంగుతో మొహం తుడుచుకుని, వీధి వైపు చూసింది.